నాలుగో చానెల్

నడుముపట్టీ చుట్టబోయేసరికి ఆవిడ ఊపిరి బిగబట్టింది.

టేపక్క చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఆరేళ్ళుగా నటుల ఒంటికి మైకులు తొడుగుతున్న చేతులవి. చక్కిలిగింత అయితే మనిషి తుళ్ళిపడుతుంది. సిగ్గయితే పొట్ట లోపలికి పీల్చుకుంటుంది. ఊపిరి ఆపేయడం ఒక్క నొప్పికే.

"పెట్టె చల్లగా తగిలిందామ్మా?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

ఆవిడ అద్దంలోకి చూస్తూ ఊఁ కొట్టింది.

ఆవిడ నాటక కంపెనీ యజమాని భార్య. పెద్ద వేషం ఎప్పుడూ ఆవిడదే. కంపెనీలో చిన్నా పెద్దా అందరూ అమ్మగారనే పిలుస్తారు. టేపక్కకి ఆ పేరు వచ్చింది చేతులవల్ల. రెండు మణికట్లకీ గాజులుండాల్సిన చోట టేపు చుట్టలు వేసుకుని తిరుగుతుంది, ఒంటి రంగుదొకటి, తెల్లదొకటి, నల్లదొకటి. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు.

అగ్గిపెట్టెకి రెండింతలుండే ఆ పెట్టెలోనే ఉంది విద్య అంతా. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట బియ్యపు గింజంత మైకు అతికిస్తారు. దాని తీగ జుట్టులోంచి మెడ వెనక్కి, వీపు మీదుగా నడుము దగ్గరికి దిగి ఈ పెట్టెలో కలుస్తుంది. పెట్టె ఆ మాటని గాలిలోకి వదిలితే, రంగస్థలం పక్కన ఉన్న రిసీవరు పట్టుకుని హాలు చివర మిక్సరుకి పంపుతుంది. మిక్సరు దగ్గర కూర్చునేది టేపక్క అన్నయ్య.

ఇన్నాళ్ళూ పైనుంచి వేలాడదీసిన నాలుగు మైకులతోనూ, అద్దెకి తెచ్చిన ఒకటి రెండు వైర్‌లెస్ సెట్లతోనూ నెట్టుకొచ్చారు. ఈసారి హాలు కొత్తది, పన్నెండువందల కుర్చీలు, బుధవారం నుంచి ఐదు రోజులు ఆట. యజమాని ఎనిమిది సెట్లు తీసుకోమన్నాడు. అన్నయ్య మూడు దుకాణాలు తిరిగాడు. ఎంత దూరం పనిచేస్తుందో దుకాణంవాళ్ళు చెబుతుంటే ఆయన ఆ మాట చెవిన పెట్టకుండా, పక్కపక్కన ఎన్ని పెట్టొచ్చని అడిగేవాడు. ఒక్కటైతే ఏ సెట్టయినా పాడుతుందట. ఎనిమిదింటిని ఒకచోట కూర్చోబెట్టినప్పుడే వాటి అసలు రంగు బయటపడుతుందట.

ఆ సోమవారం పొద్దున్న అన్నాచెల్లెళ్ళిద్దరూ హాలంతా తిరిగి గాలిని వెతికారు. టీవీ కేంద్రాలూ ఫోన్ టవర్లూ ఏ ఫ్రీక్వెన్సీల మీద కూర్చుని ఉన్నాయో, ఖాళీ ఎక్కడుందో రిసీవరు మీద చూసి కాగితం మీద రాసుకున్నారు. ఖాళీ దొరికింది కదా అని ఎనిమిదింటినీ సమానమైన ఎడంతో పేర్చడానికి లేదు. రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి మూడోదాన్ని పుట్టిస్తాయి, ఆ పుట్టింది పోయి ఇంకొకరి మాట మీద కూర్చుంటుంది. "తోడికోడళ్ళ లెక్కే ఇది. ఒకరి మాట ఒకరికి చేరని దూరంలో ఉంచాలి" అన్నాడు అన్నయ్య నవ్వకుండా. అన్నిట్లోకీ శుభ్రమైన చోటు చూసి పెద్ద వేషానికి ఇచ్చాడు. అది నాలుగో చానెల్.

"నాకు చేతిమైకు ఇవ్వకూడదూ?" అంది ఆవిడ ఇప్పుడు, అద్దంలోంచే.

టేపక్క ఇంటర్‌కమ్‌లో అన్నయ్యని అడిగింది. కుదరదన్నాడు. మొదటి భాగంలో ఆవిడ ఒక పెద్దింటి యజమానురాలు, చేతినిండా తాళాలూ ఉత్తరాలూ. రెండో భాగంలో ఆస్తి పోయి, ఇంకొకరింట్లో గిన్నెలు తోముకునే ముసల్ది. మైకు పట్టుకుని గిన్నెలు తోమితే జనం నవ్విపోతారన్నాడు.

ఆవిడ లేచి తలుపు గడియ వేసి వచ్చి, చీర కుచ్చెళ్ళ పైన కొంగు పక్కకి తీసింది.

ఎడమవైపు నాలుగు మచ్చలు, వరసగా. వీపు వైపు ఒకటి, వాటికన్నా లావుగా. కొన్ని పసుపు తిరిగాయి. కొన్ని ఇంకా నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"మెట్ల మీద జారాను" అంది, ఎవరూ అడక్కుండానే.

మెట్లకి వేళ్ళుండవు. ఆ మాట టేపక్క నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పట్టీని మళ్ళీ చుట్ట చుట్టి బల్లమీద పెట్టింది. నడుముకి వీల్లేనివాళ్ళకి తొడకి కడతారు. ఆ మాట అనగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది. అక్కడ ఏముందో టేపక్క అడగలేదు. గోడకి వేలాడుతున్న సవరం కేసి చూసింది. పెద్దింటి యజమానురాలికి పెద్ద కొప్పు ఉంది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కొప్పుతోనే గడిపారు. పెట్టెకి చెమట తగలకుండా పల్చటి రబ్బరు తొడుగు వేసి, సవరం పాయల మధ్య గూడులా చేసి అందులో కూర్చోబెట్టి, బరువు ఒకవైపు లాగకుండా పిన్నులు గుచ్చింది టేపక్క. ఏంటెన్నా మడతపడకుండా ఒక పాయతో పాటు అల్లేసింది. రెండో భాగంలో పెట్టుకునే నెరిసిన సవరంలోనూ అలాంటి గూడే కట్టింది. ఆవిడ అప్పుడప్పుడూ కళ్ళు మూసుకునేది. ఒకసారి నిజంగానే కునుకు తీసింది.

మంగళవారం రిహార్సల్లో నాలుగో చానెల్ కడిగిన అద్దంలా వచ్చింది. అన్నయ్య ఇంటర్‌కమ్‌లోనే మెచ్చుకున్నాడు. మనిషి ఒళ్ళంటే నీళ్ళకుండ, నడుముకి కడితే సిగ్నల్లో సగం ఆ కుండే తాగేస్తుంది, నెత్తిమీదైతే అడ్డేముంది అన్నాడు. తనకి ఇన్నేళ్ళు ఈ ఆలోచన ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయాడు. నీకెలా వచ్చిందని అడిగాడు. ఇంటికెళ్ళేటప్పుడు చెబుతానంది టేపక్క.

బస్సులో సీటు దొరకలేదు. ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఆమె గొంతు తగ్గించి మచ్చల సంగతి చెప్పింది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. మూడు స్టాపులు దాటాయి.

"నువ్వేం చూళ్ళేదు" అన్నాడు చివరికి. "యజమాని చెయ్యి దులుపుకుంటే మనిద్దరం రోడ్డు మీద ఉంటాం. వయసు మళ్ళాక నాకెవరిస్తారు పని?"

"మరి ఆవిడ సంగతి?"

"మనం మాటలు మోసేవాళ్ళం. మోసే మాటలో ఏముందో మనకెందుకు?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట అత్తవారింటి నుంచి మొదటిసారి వచ్చేసినప్పుడు, భుజాన సంచి దించకముందే ఇదే గొంతుతో నచ్చజెప్పి, ఆ సాయంత్రమే తిరిగి దిగబెట్టి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. వదిన కుట్టుమిషను గోడవైపు జరిపి, మిగిలిన జాగాలో పరుపు వేశాడు. ఎందుకొచ్చావని అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. ఆ పరుపు మీద పడుకుంటే ఒకవైపుకే తిరగడానికి వీలుంటుంది. రెండోవైపు మిషను తొక్కుడు పలక మోకాళ్ళకి తగులుతుంది.

ఆ రాత్రి ఇంటికి చేరాక వదిన, కొత్త సెట్లు బాగున్నాయటగా అంది. బాగున్నాయి వదినా అంది టేపక్క.

బుధవారం మొదటి ఆట. మధ్యాహ్నం మూడింటికి తెర లేచింది. చివరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా ఆవిడ నిట్టూర్పు వినిపించిందని అందరూ చెప్పుకున్నారు. యజమాని రంగస్థలం వెనక్కి వచ్చి పేరుపేరునా పలకరించాడు. ఆయన నెమ్మదస్తుడు. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. పనివాళ్ళకి టీ తానే అందిస్తాడు. టేపక్క చేతికి గ్లాసు ఇస్తూ, నీ చేతిలో ఏదో ఉందమ్మా అన్నాడు. ఆమె కళ్ళు ఆయన వేళ్ళమీదికి పోయాయి. పొడుగాటి, శుభ్రమైన వేళ్ళు. టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆటకి ముందు మైకు తొడగడానికి పావుగంట పడుతుంది. గురువారం ఆ పావుగంటలో టేపక్క నోరు విప్పింది. సవరం పాయ విడదీస్తూ, పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది. పక్క ఊళ్ళో బట్టలు కుట్టే స్నేహితురాలు ఒకామె ఉంది, ఒంటరిది, మేడమీద గది ఖాళీ, ఎన్నాళ్ళున్నా ఎవరూ ఏమీ అడగరు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలవి.

ఆవిడ అద్దంలోంచి ఆమెని చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది.

"నేనేమైనా అడిగానా నిన్ను?"

టేపక్క చేతిలో పిన్ను జారిపోయింది.

"నా ఫోను ఆయన జేబులో ఉంటుంది. చెప్పులు కారులో ఉంటాయి. గుమ్మం దాకా వచ్చి దింపుతారు, గుమ్మం దగ్గరే ఎక్కించుకుంటారు" అంది ఆవిడ, వేషం మాటలు వల్లెవేసుకుంటున్నట్టు. "నువ్వు నా చెవిలో గుసగుసలాడావని తెలిస్తే రేపు నీ చోట్లో ఆయన చెల్లెలు ఉంటుంది. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అనకుండా కూర్చునేది ఈ పావుగంటే. దాన్ని పాడుచెయ్యకమ్మా."

టేపక్క వంగి పిన్ను తీసుకుంది. నుదుటి మీద టేపు ముక్క ఒత్తుతున్నప్పుడు, వేలికింద సన్నటి నరం కొట్టుకోవడం తెలిసింది.

శుక్రవారం యజమాని గదిలోకి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో నిన్నటి ఆట ఫోటోలు. కొప్పు ఎడమవైపుకి ఒరిగినట్టుంది చూశావా అన్నాడు టేపక్కతో. నిజానికి ఒరగలేదు. కెమెరా పెట్టిన చోటువల్ల అలా కనపడింది. సవరం కుదుర్చుకోవడానికి ఇంకాస్త టైము ఇవ్వండి సార్ అంది ఆమె. ఆయన నవ్వాడు. నెత్తిమీద బరువెందుకు, అందరికీ నడుముకే కదా, ఈవిడకి మాత్రం ప్రత్యేకం ఎందుకు అన్నాడు. అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. కొంగు తనే తీసింది. ముఖం గోడవైపు.

టేపక్క పట్టీ విప్పింది. నాలుగంగుళాల వెడల్పు, సాగే బట్ట, చివర అంటుకునే పట్టా. ఎప్పటికన్నా వదులుగా చుట్టి, పెట్టెని మచ్చలకి పక్కగా, ఎముక మీదకి జరపబోయింది.

"జారిపోతుందేమో" అన్నాడాయన వెనకనుంచి. "ఇంకొంచెం బిగించమ్మా. పరవాలేదు, ఆవిడకి అలవాటే."

టేపక్క బిగించింది. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం బిగించింది. పట్టీ కింద నడుము రాయిలా అయిపోయింది. తన చేతులు తనవి కావనీ, ఎవరో అరువు తీసుకుని వాడుకుంటున్నారనీ అనిపించింది. ఆయన లేచి వచ్చి, పట్టీ కింద ఒక వేలు దూర్చి చూసి, ఇప్పుడు బాగుంది అన్నాడు. మచ్చల మీద ఆయన కళ్ళు ఆగలేదు, తప్పించుకోనూ లేదు. వాటిని టేపక్క చూస్తోందని ఆయనకి తెలుసు. ఆమె ఏమీ అనలేదని కూడా తెలుసు. ఆ రెండూ ఆయనకి చాలినట్టున్నాయి.

ఆట మొదలైంది. టేపక్క రిసీవర్ల పక్కన స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కొక్క చానెలూ వింటూ పోయింది. నాలుగు దగ్గర ఆగింది. ఎప్పుడూ ఒక్క ఊపిరిలో చెప్పే పెద్ద మాటని ఆవిడ మూడు ముక్కలుగా చెబుతోంది. ముక్కకీ ముక్కకీ మధ్య, జనానికి వినపడనంత చిన్నగా, పంటి సందునుంచి గాలి పీల్చుకుంటున్న చప్పుడు.

ఇంటర్‌కమ్ దీపం వెలిగింది.

"ఆవిడకి ఊపిరి అందడంలేదు" అన్నాడు అన్నయ్య. "ఏం చేశావ్?"

"బిగించాను."

"ఎందుకంత?"

"ఆయన కూర్చుని బిగించమన్నాడు."

అన్నయ్య దీపం ఆర్పలేదు. ఆయన చెవుల్లోనూ అదే ఊపిరి వినపడుతోందని ఆమెకి తెలుసు. కంటితో చూడలేదని తప్పించుకోవచ్చు. ఈ చప్పుడు మాత్రం మూడు గంటలపాటు ఆయన చెవుల్లోంచే పోవాలి, ఎక్కువ తక్కువలు ఆయన వేళ్ళతోనే సర్దాలి. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో సీట్లు దొరికాయి. పక్కపక్కన కూర్చున్నారు. అన్నయ్య దారంతా చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంటూనే ఉన్నాడు.

శనివారం కూడా యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టేపక్క పట్టీ బిగించింది. ఈసారి చెప్పించుకోకుండానే బిగించింది. చెప్పించుకుంటే మరీ బిగుస్తుందని తెలుసుకుంది.

నాలుగున్నరకి విరామం. పావుగంట. యజమాని ముందు గుమ్మం దగ్గర అతిథులతో ఉన్నాడు, ఆ రోజు ఎవరో పెద్దవాళ్ళు వచ్చారు. ఆవిడ గబగబా గదిలోకి వచ్చింది. నగలు తీసి పెట్టింది. పట్టుచీర విప్పి నూలు చీర చుట్టుకుంది. అక్కడక్కడ మాసినట్టు రంగు వేసిన చీర అది. నెరిసిన సవరం తగిలించుకుని, చిన్న ముడి వేసుకుంది. టేపక్క పెట్టెలో బ్యాటరీ మార్చి, నుదుటి మీద మైకు సరిచేసి, చెమటకి లేచిపోయిన టేపు తీసి కొత్తది అంటించింది.

"పట్టీ కాస్త వదులు చేస్తానమ్మా. ఆయన లేరుగా."

"వద్దు. టైము లేదు."

"నిన్న బిగించింది నేనే. ఇవాళా నేనే."

ఆవిడ ఆమె మణికట్టు పట్టుకుంది. టేపు చుట్టలకి పైన, ఒట్టి చర్మం మీద. గట్టిగా పట్టుకుని వదిలేసింది. "నువ్వెళ్ళి మిగతావాళ్ళ బ్యాటరీలు చూసుకో" అంది.

టేపక్క వెళ్ళింది. మిగిలిన ఏడు పెట్టెలకీ కొత్త బ్యాటరీలు వేసి వచ్చి స్టూలు మీద కూర్చుంది. రిసీవర్ల మీద ప్రతి చానెలుకీ ఐదు చిన్న గీతలుంటాయి. సిగ్నలు నిండుగా ఉంటే ఐదూ వెలుగుతాయి. పెట్టె దూరమైనకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతుంది. ఏడు చానెళ్ళకి ఐదూ ఉన్నాయి. నాలుగో చానెలుకి నాలుగే ఉన్నాయి. చూస్తుండగానే మూడయ్యాయి.

గదిలోంచి రంగస్థలానికి వచ్చే మనిషి దగ్గరవ్వాలి గాని దూరమవదు. బ్యాటరీ పోతోందేమోనని చూసింది. బ్యాటరీ నిండుగానే ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగో చానెల్ నొక్కింది.

అడుగుల చప్పుడు. చెప్పుల్లేని అడుగులు, సిమెంటు మీద. తర్వాత గాలి. దూరంగా ఏదో బండి హారన్. టేపక్క తల తిప్పింది. ఆమెకి పది అడుగుల దూరంలో, సెట్టు సామాను దించే పెద్ద తలుపు ఉక్కకి బార్లా తెరిచి ఉంది. అవతల ఎండ. వెనక సందు.

"ఏమ్మా, పనయిపోయిందా?" సందు చివర గేటు దగ్గరుండే కాపలా అతని గొంతు.

"అయిపోయిందయ్యా" అంది ముసలి గొంతు ఒకటి. కాస్త వణుకుతూ, కాస్త సాగదీసి మాట్లాడే గొంతు. మూడు రోజులుగా రెండో భాగంలో పన్నెండువందల మంది విన్న గొంతు. "ఒళ్ళు హూనమైపోయింది, నాయనా. కాస్త గేటు తియ్యి."

గేటు కిర్రుమంది. గీతలు రెండయ్యాయి.

ఇంటర్‌కమ్ దీపం వెలిగింది. విరామంలో హాల్లోకి ఏ మైకూ పోదు, అన్నీ మూసే ఉంటాయి. కానీ రెండో భాగం మొదలయ్యేముందు అన్నయ్య ఒక్కొక్క చానెలూ తన హెడ్‌ఫోన్‌లో విని చూసుకుంటాడు.

"నాలుగులో వీధి చప్పుడు వస్తోంది" అన్నాడు.

టేపక్క నోరు తెరిస్తే ఏడుపో అబద్ధమో వచ్చేలా ఉంది.

"నాలుగు ఎక్కడుంది?" అని మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత ఆయనా ఆగిపోయాడు. ఇద్దరి చెవుల్లోనూ అవే అడుగులు, ఇప్పుడు మట్టిమీద, ముందుకన్నా తొందరగా. టేపక్క కళ్ళు మూసుకుంది. అన్నయ్య ఏం చేస్తాడో తెలుసనుకుంది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెడతాడు, లేచి ముందు గుమ్మం దగ్గరికి వెళతాడు, యజమాని చెవిలో ఒక్క మాట చెబుతాడు. కారు తిప్పుకుని సందు మలుపుకి రావడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంటర్‌కమ్‌లో ఇంకో గొంతు, దూరంనుంచి. యజమాని మిక్సరు దగ్గరికి వచ్చాడు. గంట కొట్టించమంటారా, అతిథులు లోపలికి వచ్చేశారు అని అడుగుతున్నాడు, ఎప్పటి నెమ్మదితోనే.

"వద్దు సార్" అన్నాడు అన్నయ్య. "అమ్మగారి మైకు చెమటకి తడిసిపోయింది. మా చెల్లెలు మారుస్తోంది. పదిహేను నిమిషాలన్నా పడుతుంది."

"అంతసేపా?"

"తొందరపడితే మధ్యలో పోతుంది సార్. పెద్దవాళ్ళ ముందు బాగుండదు. మీరు వాళ్ళ దగ్గర కూర్చోండి, అయ్యాక నేనే చెబుతా."

యజమాని సరేనన్నట్టున్నాడు. టేపక్క స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుంది. ఆరేళ్ళ పనిలో అన్నయ్య ఒక్క మైకు గురించి కూడా అబద్ధం చెప్పలేదు. పోయింది పోయిందనే అనేవాడు, తన తప్పయినా సరే.

నాలుగో చానెలుకి ఒక్క గీత మిగిలింది. అదీ వెలుగుతూ ఆరుతూ ఉంది. బస్సు వచ్చి ఆగిన చప్పుడు. మెట్టు ఎక్కిన చప్పుడు, ఇనుము మీద పాదం. నొప్పితో పంటి సందునుంచి పీల్చిన ఊపిరి. కండక్టరు విసుగ్గా ఏదో ఊరు పేరు అరుస్తున్నాడు, ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. చిల్లర ఇవ్వాలమ్మా అన్నాడు. కొంగుముడి విప్పుతున్న రాపిడి. అంటే ముడిలో ముందే కట్టుకుని వచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

అక్కడితో గీత ఆరిపోయింది. ఈ సెట్లు సిగ్నలు పోతే గరగరలాడవు, టక్కున నోరు మూసేసుకుంటాయి. అందుకనే అన్నయ్య వీటిని కొనిపించాడు. హెడ్‌ఫోన్‌లో ఇప్పుడు ఏమీ లేదు.

ఇంటర్‌కమ్‌లో అన్నయ్య మాట వినపడింది. "ఏ ఊరంది?"

"వినపడలేదన్నయ్యా."

"నాకూ వినపడలేదు." ఆయన గొంతు సర్దుకున్నాడు. "అసలు నేను హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. నువ్వూ పెట్టుకోలేదు. తెలిసిందా?"

"తెలిసింది."

పదిహేను నిమిషాలు ఇరవై దాటాయి. యజమాని రంగస్థలం వెనక్కి వచ్చాడు. గది చూశాడు, బాత్రూం తలుపు తట్టాడు, మిగతా నటుల్ని అడిగాడు. ఎవరికీ తెలియదు. కాపలా అతన్ని పిలిపించారు. అమ్మగారు ఇటు రాలేదండి, గుమ్మం దాటితే నాకు తెలియకుండా పోతారా అన్నాడతను. ఊడ్చే ముసలావిడ ఒకావిడ మాత్రం పోయింది, పాపం ఒళ్ళు నొప్పులన్నది అన్నాడు. యజమాని ముఖం మొదటిసారి కదిలింది. పట్టుచీర కుర్చీమీద ఉంది. నూలు చీర లేదు.

ఆయన టేపక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆఖరున చూసింది నువ్వే" అన్నాడు, మెల్లగా. "ఎక్కడికి వెళ్ళింది?"

"తెలీదండి" అంది ఆమె. తెలియకపోవడం ఇంత బలంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కళ్ళు దించుకోలేదు. "నిజంగా తెలీదండి."

"ఈ డబ్బా చెప్పదా?" అని రిసీవరు మీద వేలితో కొట్టాడు.

"పరిధి దాటితే చెప్పదు సార్" అన్నాడు అన్నయ్య. ఆయన హాలు దాటుకుని, మెట్లెక్కి, ఎప్పుడు వచ్చాడో వచ్చి చెల్లెలికి పక్కన నిలబడి ఉన్నాడు. ఆట జరిగే రోజున ఆయన మిక్సరు వదిలి రావడం ఎవరూ చూడలేదు. ఊపిరి ఎగపోస్తోంది. "మైకు తడిసిందన్నది నేను. అడగాల్సినవి నన్ను అడగండి."

యజమాని ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వెనక నటులున్నారు, దీపాలవాళ్ళున్నారు, తెర లాగేవాళ్ళున్నారు. అందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. ఆయన ఏదో అనబోయి, ఆ చూపుల్ని గమనించి, మానుకున్నాడు. ఆరోగ్యం బాగాలేక ఆట ఆపుతున్నామని చెప్పమన్నాడు ఎవరితోనో. వెళుతూ వెళుతూ, రేపటినుంచి మీరిద్దరూ రానక్కర్లేదు అన్నాడు. ఆ మాట కూడా నెమ్మదిగానే అన్నాడు.

జనం వెళ్ళిపోతున్న రొద సద్దుమణిగేదాకా అన్నాచెల్లెళ్ళు ఏడు పెట్టెలూ తుడిచి, బ్యాటరీలు తీసి, తీగలు చుట్టి, ఎవరి గూట్లో వాటిని పెట్టారు. రిసీవర్లు ఒక్కొక్కటే ఆపారు. సెట్లు ఆయనవి. వీళ్ళదని చెప్పుకోవడానికి ఒక హెడ్‌ఫోనూ, ఒక స్క్రూడ్రైవరూ, టేపక్క చేతుల మీదున్న చుట్టలూ తప్ప ఏమీ లేవు. చిన్నవేషం అమ్మాయి వచ్చి టేపక్క భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఇద్దరూ వెనక సందులోంచే నడిచారు. కాపలా అతను గేటు తీశాడు. బస్సు స్టాపులో ఎవరూ లేరు. అన్నయ్య సంచి ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. ఏదో అడగాలనుకున్నట్టు రెండుసార్లు ఆమె వైపు తిరిగాడు. రెండుసార్లూ రోడ్డుకేసి చూశాడు.

"ఇంట్లో ఏం చెప్పాలి?" అంది ఆమె.

"మీ వదినకి నేను చెబుతా" అన్నాడు అన్నయ్య. "నువ్వు పక్కనుండు చాలు."